చెరువుకట్ట, రైలుకట్ట, కాలిబాట

గడచిన శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము మా పేట పెద్దలిద్దరు మా యింటికి వచ్చి ఒక కాగితమును మావారి చేతికిచ్చిరి. మావారు దానిని చదివి, "ఇందులో ఆడువారి సంతకములు కూడ కావలెనట; నీవు చదివి నీ యిష్టమువచ్చినట్లు చేయుము" అని మాకందించి, బడిపిల్లల పుస్తకములు దిద్దుటకు కూర్చుండిరి. కాగితమున మూడు కోరికలు కలవు. మా పేటకు ఎగువనున్న చెరువొకదానిని బాగుచేసి దాని చుట్టును రాతిపలకలు పరచిన నడకబాటయు, విద్యుద్దీపములును, కూర్చుండుటకు బల్లలును ఏర్పరుపవలెనన్నది మొదటి కోరిక. ఆ చెరువునుండి రైలుమార్గము నానుకొని స్టేషనువరకు మరియొక కాలిబాట వేయవలెనన్నది రెండవది. ఈ పనులకు అడ్డమైన గుడిసెలను తొలగింపవలెనన్నది మూడవది.

సంతకము చేయుటకు నిమిషము పట్టదు. మాకు తొమ్మిది దినములు పట్టినవి. ఆ తొమ్మిది దినములలో మేము చూచినదియు, విన్నదియు, తలపోసినదియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి. చెరువులు, రైళ్లు, కాలువలు మగవారి విషయములని మనము త్రోసివేయరాదు. కట్ట తెగిననాడు నీరు కచేరీకి పోవుటకు ముందు మన వంటయింటికే వచ్చును.

మేము హైదరాబాదు పాతనగరమున ఉప్పుగూడలో కాపురమున్నాము. రైల్వేవారు దీనిని ఇంగ్లీషున 'హుప్పుగూడ' అని వ్రాసికొన్నారు గాని ఊరివా రెవ్వరును అట్లనరు. మా డాబాపై నిలిచినచో రైలుకట్ట కనబడును. కాచిగూడ స్టేషను కట్టిన 1916వ సంవత్సర ప్రాంతమున నిజాము రైల్వేవారు దక్షిణమునకు వేసిన దారి యిదియే. మొదట ఇది మీటరుగేజి దారి, పిదప వెడల్పయినది. నగరమున 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు తరువాత ఫలక్‌నుమావరకును, 2023 ఏప్రిలునుండి ఉమ్దానగరువరకును నడచుచున్నవి. అల్పాదాయము గలవారికి ఇది మిక్కిలి చౌకయైన ప్రయాణసాధనము. కావున రైలును తప్పుపట్టుట మా యభిప్రాయము కాదు.

మాకు కొంత దూరమున తాలాబ్‌కట్ట యను పేట కలదు. 'తాలాబ్' ఉర్దూమాట, 'కట్ట' మన తెలుగు. రెండు భాషలవారు కలిసి ఒక చెరువును వాడుకొన్నారనుటకు ఆ పేరే నిదర్శనము. అచ్చట పూర్వము మీర్‌జుమ్లా చెరువుండెడిది. నేడు చెరువు లేదు. కట్ట యను పేరు మాత్రము నిలిచి, చెరువు గర్భమున ఇండ్లు, కొట్లు, వీధులు లేచినవి. ఎన్నియో యేండ్లు ఆ పేరు పలుకుచుండియు, ఆ కట్ట ఆపిన నీరెటుపోయినదని మే మొకనాడును ప్రశ్నించుకొనలేదు. 2020వ సంవత్సరమున దానికి సమాధానము దొరికినది.

ఆ యేడు అక్టోబరు 13వ తేదీన వాన పట్టి విడువలేదు. బేగంపేటలో ఒక్క దినమున సుమారు 19 సెంటీమీటర్ల వర్షము కురిసినదని తరువాత చదివితిమి. ఎగువనున్న పల్లెచెరువు కట్ట తెగెను. నాలుగు దినములకు గుర్రంచెరువు కట్టయు తెగెను. ఆ జలమంతయు పల్లమును వెదకికొనుచు ఫలక్‌నుమా, ఛత్రినాక మీదుగా మా పేటలపై బడినది. ఫలక్‌నుమాలో రైలుదారిపైనున్న వంతెన కూడ కొంత కుంగి రాకపోకలు నిలిచిపోయినవి. మా యింట రాత్రి నీరు గడప దాటి, పొయ్యిగట్టు నెక్కి, బియ్యపు డబ్బాను తేల్చినది. పిల్లలను డాబాపైకి చేర్చి మేము తెల్లవార్లు మెట్లమీద కూర్చుంటిమి. ఉదయమున దిగి చూడగా, మా తండ్రిగారు మాకు చదువు చెప్పిన భారత సంపుటములు క్రిందియరలో ముద్దయై యున్నవి. పై యరలో నుండుటచే అరణ్యపర్వ మొక్కటి మిగిలెను. అది వాననీరే యైనచో ఆరబెట్టి కొంత దక్కించుకొని యుందుము. వచ్చినది మురుగు. ఆ వాసన గోడలకు సున్నము రెండుసార్లు వేసిన పిమ్మటగాని పోలేదు.

ఇంత యనుభవించిన మేము చెరువు బాగుచేయుడను కాగితముపై వెంటనే సంతకము చేయక ఏల తడసితిమని మీ రడుగవచ్చును. కాగితమున నడకబాట కొలతలున్నవి, దీపముల సంఖ్య యున్నది. నీటినిగూర్చి మాత్రము ఒక్క ముక్కయు లేదు. మా సందేహమునకు అదియే కారణము.

నడకబాట మాకు అక్కరలేదని మాత్ర మెవ్వరును భావింపవలదు. పాతనగరమున ఆడువారు నిశ్చింతగా నాలుగడుగులు వేయుటకు చోటు మిక్కిలి తక్కువ. మా పొరుగింటి ఆపాకు చక్కెరవ్యాధి. దినమునకు అరగంట నడువుమని వైద్యుడు చెప్పినాడు. వీధిలో మోటారుబండ్ల మధ్య నడువలేక ఆమె తన డాబాపై నలుబది చుట్లు తిరుగును. "బెహన్, నేను గానుగెద్దునైపోతిని" అని పిట్టగోడమీదుగా మాతో చెప్పి నవ్వును. చెరువుగట్టున చెట్లనీడను, నలుగురాడువారము కలిసి నడచుట యెంత హాయి! ఆ కాగితమున ఆపా తొలిదినముననే సంతకము చేసినది. ఆమె చేసినది తప్పు కాదు.

మన పూర్వులు సప్తసంతానములలో తటాకము నొకటిగా నెంచిరి. కొడుకు పేరు నిలుపకపోయినను చెరువు నిలుపునని వారి నమ్మకము. అయితే చెరువు త్రవ్వించుట పుణ్యమని చెప్పి ఊరకొనలేదు. ఎట్టి చెరువు మంచిది, ఎట్టిది చెడ్డది అని శాస్త్రము కూడ వ్రాసికొనిరి. కడపజిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించిన గొప్ప చెరువు కలదు. 1369వ సంవత్సరపు శాసన మచ్చట నున్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ కట్ట ముగిసెనట. ఆ శాసనమున మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును చెప్పబడినవి. కట్టనుండి నీరూరుట ఒక దోషము. నేల చవుడగుట మరొకటి. చెరువు గర్భమున మెట్టయుండుట ఇంకొకటి. రెండు రాజ్యముల పొలిమేరయం దుండుటయు దోషమే యన్నారు. ఈ కడపటిది మాకు మొదట బోధపడలేదు. రాజ్యము లెన్నియున్న నేమి, నీటికి పొలిమేర తెలియునా యని యనుకొంటిమి. తొమ్మిది దినములు తిరిగిన పిమ్మట ఆరింటిలో గొప్పదోష మదియేనని తెలిసినది.

మొదట హుస్సేనుసాగరమును చూచితిమి. ఇంతకుముందు ఎన్నిసార్లో చూచినదే కాని యీ కన్నుతో చూడలేదు. 1562వ సంవత్సరమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున హుస్సేన్‌షా వలీ కట్టించిన చెరువది. మన కాగితమున కోరినవన్నియు అచ్చట నున్నవి. కట్టపై విశాలమైన బాట యున్నది, దీపము లున్నవి, ఒకప్రక్కగా రైలు పోవుచున్నది, నెక్లెస్ రోడ్డు అను పేర స్టేషనే యున్నది. జనము సాయంకాలము వేలుగ వచ్చుచున్నారు. అయినను గాలి మన వైపు మరలినచో కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొనవలసివచ్చును. 2006లో జపానుదేశపు ఋణము తెచ్చి శుద్ధికార్యములు చేసిరి. కొంత మేలు జరిగినది. కాని పరీవాహక ప్రాంతమునుండి వచ్చు కాలువలలో మురుగు పూర్తిగ నిలువనంతవరకు అడుగున పేరుకొను పంక మెట్లు పోవును? బాట యెంత చక్కగ నున్నను అది నీటిని శుద్ధిచేయదని మాకు అచ్చట నిశ్చయమైనది.

రెండవది మన పాతనగరపు మీరాలం చెరువు. మూడవ నిజామగు సికందరుజా కాలమున దివానుగా నుండిన మీరాలం పేర 1804 - 1806 ప్రాంతమున కట్టినది. దాని కట్ట తిన్నగ నుండదు. నీటివైపునకు ఉబ్బిన 21 అర్ధచంద్రాకారపు రాతికమానులు వరుసగ చేతులు పట్టుకొని నిలిచినట్లుండును. నీటి బరువంతయు కమానుల మధ్యనున్న స్తంభములపై బడునట్లు కట్టిన నేర్పు అది. ఉస్మానుసాగరము 1920లోను, హిమాయతుసాగరము 1927లోను వచ్చువరకు నగరము త్రాగిన నీటిలో పెద్దభాగ మీ చెరువుదే. రెండువందల యేండ్లకు పైబడినను కట్ట నిలిచియున్నది, నీరు చెడినది. గుర్రపుడెక్క పచ్చని తివాసివలె పరచుకొన్నది. ఆ మొక్క మురుగులోని బలమును తిని పక్షముదినములలో రెండింత లగునందురు. యంత్రములతో తీయుదురు, మరల వచ్చును. ఆహారము పెట్టుచు అతిథిని పొమ్మన్న పోవునా? 2025లో ఈ చెరువుపై చింతల్‌మెట్ వైపునుండి బెంగుళూరు రహదారివరకు సుమారు రెండున్నర కిలోమీటర్ల తీగలవంతెన కట్ట నిశ్చయించిరి. ప్రయాణము సుళువగును, చూపునకు అందముగ నుండును. కాని వంతెనకు చూపిన త్వర మురుగుకాలువలకును చూపుదురా యని మా చింత.

మూడవది అంబరుపేట బతుకమ్మకుంట. పదునాలుగెకరముల కుంట పూడిపోయి ఐదెకరములకు దిగి, చెత్తయు తుమ్మయు నిండి, చెరువన్నమాటయే జనులు మరచిరి. 2024 జూలైలో ప్రభుత్వ మేర్పరచిన హైడ్రా యను సంస్థ 2025లో దానిని త్రవ్వించినది. కొద్దిలోతు త్రవ్వగనే నీరూరెను. ఆ యేడు సెప్టెంబరులో బతుకమ్మ పండుగనాళ్లలో కుంటను ప్రజలకు తెరచిరి. పండుగ వచ్చినప్పుడెల్ల తొట్లలోనో, గుంటలలోనో బతుకమ్మలను వదలుచున్న మనకు, నిజమైన నీటిలో పూలు తేలుట చూడగనే కన్నులు చెమర్చినవి. పూడినదంతయు పోయినట్లు కాదని ఆ కుంటవలన తెలిసికొంటిమి. అయితే పదునాలుగెకరములు తిరిగి రాలేదు, ఐదే వచ్చినవి. ఆలస్యమునకు చెల్లించిన వెల అది.

ఇక చెరువును బాగుచేయు విధములను తూచి చూచితిమి. మావారు కొన్ని పుస్తకములు తెచ్చి యిచ్చిరి; ఒక విశ్రాంత ఇంజనీరుగారు ఓపికతో మా ప్రశ్నలకు బదులు చెప్పిరి.

మొదటి విధము పూడిక తీయుట. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలమున పల్లెచెరువుల పూడికను రైతులు పొలములకు తోలుకొనిరి. అది ఎరువుతో సమానము. పట్టణపు చెరువు పూడిక అట్టిది కాదు. అందు మురుగును, కార్ఖానాల విషములును కలిసియుండును. పరీక్షింపక పొలమున వేయరాదు, వేరొకచోట కుప్పవేసిన ఆ చోటు చెడును. పైగా మురుగు ఆపక పూడిక తీయుట, అడుగు మాడుచుండగనే గరిటె త్రిప్పుటవంటిది. మంట తగ్గింపవలెను గదా!

రెండవది మురుగును చెరువు చుట్టును గొట్టములద్వారా మళ్ళించి దిగువ శుద్ధికేంద్రమునకు పంపుట. ఇది త్వరగ ఫలించును. కాని యిప్పుడు మన చెరువులలో వేసవినాటి నీరు చాలవరకు ఆ మురుగే. దానిని పూర్తిగ తప్పించిన చెరువెండును. ఎండిన చెరువుపై ఆక్రమణదారుల కన్ను పడును. వానకాలమున గొట్టములు చాలక మురుగు మరల చెరువులోనే పొరలును.

మూడవది చెరువు ముఖముననే శుద్ధిచేసి, ఆ నీటిని జమ్ము, తుంగ పెరిగిన నిస్సారపు మడుగులగుండ మెల్లగ నడిపించి చెరువులో విడుచుట. ఖర్చు నిత్యమైనది, కావలి మనిషి కావలెను, చోటు కావలెను. కాని చెరువులో వేసవియందును మంచినీరు నిలుచును. ఇంజనీరుగారు రెండవ మూడవ విధములను కలిపి చేయుట మంచిదనిరి. మాకును అదియే యుక్తమని తోచినది.

నడకబాటయం దొక చిక్కున్నది. 2012నాటి ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము 25 ఎకరములకు తక్కువగాని చెరువులకు, నిండినప్పటి నీటిమట్టపు గీతనుండి 30 మీటర్లవరకును, చిన్నవానికి 9 మీటర్లవరకును కట్టడములు కూడవు. ఆ గీతనే అధికారులు ఎఫ్.టి.ఎల్. అందురు. తెలంగాణములో చెరువుగర్భపు భూమిని శిఖము అనుట మన పెద్దలెరుగుదురు. బాటను గీతకు వెలుపల వేయుటకు చోటు లేనప్పుడు దానిని లోపలికి జరిపి వేయుదురు. అప్పుడు బాటయే కొత్తకట్టయై, దాని వెలుపల మిగిలిన శిఖము చెరువునకు దక్కక పోవును. అంచునంతయు రాతితో నిటారుగ కట్టిన కొంగలు నిలుచుటకు లోతులేని నీరుండదు. మంచి మనస్సుతో వేసిన బాట చెరువును కుదించును. కనుక బాట వలదని కాదు. గీత గీసి, రాళ్లు పాతి, ఆ తరువాత మట్టిబాటగా వెలుపల వేయవలెను.

ఇక రైలుదారి ప్రక్క బాట. అమెరికాలో న్యూయార్కు నగరమున పాడుపడిన రైలువంతెనపై పూలమొక్కలు నాటి 2009లో నడకబాటగా తెరచినారు. లోక మంతయు మెచ్చుకొన్నది. కాని దాని చుట్టుప్రక్కల అద్దెలు పెరిగి చిన్నవాండ్రు నిలువలేకపోయిరని కూడ చదివితిమి. మన రైలుదారి పాడుపడినది కాదు. దినమెల్ల బండ్లు నడచునది. రైల్వేవారి స్థలమున అనుమతిలేక నడచుట 1989నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము. అయినను స్టేషనుకు దగ్గరదారి యని మన పేటవారు పట్టాలు దాటుచునే యున్నారు. పాలడబ్బాలతో, పసిపిల్లలతో దాటుచున్నారు. కంచెయు, క్రిందిదారియో పైవంతెనయో లేక బాట మాత్రము వేసినచో, పట్టాలు దాటువారు పెరుగుదురుగాని తగ్గరు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. రైలుకట్టయు కట్టయే. నేల వాలునకు అడ్డముగ పోసిన మట్టికట్ట నీటిని ఆపక మానదు. దాని క్రింద తూములు చాలినంత యున్నప్పుడే నీరు దాటును. ఎగువచెరువు బాగుపడి నిండినచో అలుగు పొరలును. అలుగునీరు కాలువలో బడి రైలుకట్ట తూముల మీదుగా మూసీకి చేరవలెను. ఆ కాలువ ఇరుకై, తూము చెత్తతో మూసికొనియున్న చెరువును బాగుచేసిన ఫలము మన వంటయింటికి వచ్చును. చెరువు నీటిపారుదలశాఖది, గట్టుబాట నగరపాలకసంస్థది, మురుగుగొట్టము జలమండలిది, తూము రైల్వేది. పోరుమామిళ్ల శాసనకర్త రెండు రాజ్యముల పొలిమేరకే భయపడినాడు! ఇచ్చట నాలుగు రాజ్యములు. పూర్వము ప్రతి చెరువునకు నీరటి యుండెడివాడు. తూమెత్తుట, దించుట, కట్టపై తిరిగి బొరియలు పూడ్చుట వాని పని. నేడు ఒక చెరువునకు పదిమంది అధికారులున్నారు, నీరటి లేడు.

ఇంతవరకు మా విచారణ సులభముగనే సాగినది. మూడవ కోరికకడ మాత్రము మనస్సు నిలిచిపోయినది. ఆ గుడిసెలలో ఒకటి మా యింట పదునొకండేండ్లుగ అంట్లు తోము మనిషిది.

ఆమెది పాలమూరు జిల్లా. వారి యూరి చెరువెండి, పొలము బీడుపడి, భర్తయు తానును ఇదే రైలెక్కి పట్టణమునకు వచ్చిరి. ఇచ్చట అద్దె లియ్యలేక చెరువు శిఖమున గుడిసె వేసికొనిరి. చెరువు లేక వచ్చినవారు చెరువులోనే చేరిరి. మేము కాగితమును ఆమెకు చదివి వినిపించితిమి. వినక దాచుట మాకు న్యాయముగ తోచలేదు. ఆమె చేతులు తుడుచుకొని గడపమీద కూర్చుండి యంతయు విని యిట్లనెను:

"చెరువు బాగుజేసుడు మంచిదే అమ్మా. నేను గూడ బతుకమ్మ ఆడినదాన్నే. వానొస్తే మా గుడిసెల పాములొస్తయి, నాకు తెల్వదా? గని ఊరవతల యాడనో ఇల్లిస్తే పొద్దుగాల ఆరింటికి మీ ఇంటికెట్ల రావాలె? నా బిడ్డ బడికెట్ల పోవాలె? ముందు ఇల్లు సూపి తర్వాత కూలగొట్టుమని రాయున్రి. గిదొక్కటి రాస్తే నేను గూడ ఏలుముద్ర ఏస్త."

2024లో మూసీగర్భమునుండి లేపిన కుటుంబములకు ప్రభుత్వము రెండుపడకగదుల యిండ్లు చూపిన మాట నిజము. కాని పని యొకచోట, యిల్లొకచోట యైనవారి కష్టము కూడ నిజమే. మే మామెకు బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి మాకు మరియొక తలంపు వచ్చి నిద్రపట్టలేదు. ఆమె గుడిసె చెరువులో నున్నదని కాగితమున వ్రాసిరి. మా యిల్లెచ్చట నున్నది? పాతపటములు చూచినచో మా సందు ఏ చెరువుగర్భమో, ఏ కాలువగట్టో యై యుండవచ్చును. మాది సిమెంటు, ఆమెది రేకు, మాకు దస్తావేజున్నది, ఆమెకు లేదు, భేదమంతే. ఉదయము లేచి మా యింటి మురుగు ఎచ్చటికి పోవునో చూతమని మావారిని వెంటబెట్టుకొని కాలువవెంట నడచితిమి. మా స్నానపుగది నీరు, అంట్ల నీరు, మరుగుదొడ్డి నీరు మూడును సందుచివర గొట్టములో కలిసి తిన్నగ వాననీటి నాలాలో పడుచున్నవి. 2020లో మా భారతమును ముంచిన మురుగులో మా వంతు కూడ నున్నది. పదేండ్లుగ పరులను నిందించిన నోరు ఆ నాలాగట్టున మూతపడినది.

తొమ్మిదవనాడు ఆపాను, మరి యారుగు రాడువారిని మా యింటికి పిలిచితిమి. మనిషిని కూడ క్రింద కూర్చుండనీయక చాపపై మాతో కూర్చుండబెట్టితిమి. కోరికలను కొట్టివేయక వరుస మార్చి వ్రాసితిమి. మొదట చెరువులో పడు మురుగును ఆపి శుద్ధిచేయవలెను. మా సందు గొట్టమును కూడ నాలానుండి తప్పించి మురుగుమార్గమున కలుపవలెను. రెండవది, అలుగునుండి మూసీవరకు కాలువను, రైలుకట్ట క్రింది తూములను నాలుగు శాఖలవారు కలిసి ఒకేసారి పరీక్షించి వెడల్పు చేయవలెను. మూడవది, శిఖమున నున్నవారికి నడచిపోదగిన దూరమున గాని, రైలుస్టేషను ప్రక్కన గాని యిండ్లు చూపి తాళపుచెవు లిచ్చిన పిదపనే గుడిసెలు తీయవలెను. నాలుగవది, పట్టాలు దాటుటకు క్షేమమైన దారియు, కంచెయు. ఐదవది, నీటిగీతకు వెలుపల, చెట్లనీడను, ఆడువారికి భయములేని నడకబాట. ఆరవది, చెరువునకొక నీరటి.

ఆపా ఐదవదానిని చూచి కొంత చిన్నబోయినది. "నేను బ్రదికియుండగా అంతవరకు వచ్చునా, బెహన్?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మావద్ద బదులు లేదు. వరుస మార్చుటచే ఆమె నడక ఆలస్యమగుట నిజము. న్యాయము చేయబోయినచోట కూడ ఎవరికో కొంత లోటు కలుగునని మేమప్పుడు గ్రహించితిమి. కొంతసే పూరకుండి ఆమెయే, "సరే, అంతవరకు నా డాబాపైకి మీరును రండు, ఒంటరిగ తిరిగి విసిగినాను" అని మరల సంతకము చేసినది. మా మనిషి ఎడమచేతి బొటనవ్రేలిని సిరాలో ముంచి వేలిముద్ర వేసినది. అందరికంటె చివర మేము చేసితిమి.

పేట పెద్దలకు కాగితము అప్పగించితిమి. వారొకరు సంతోషించిరి, ఒకరు విసిగికొనిరి. "ఇన్ని కోరిన ఏదియు కాదమ్మా, బాట ఒక్కటియైన వచ్చియుండెడిది" అనిరి. అట్లే కావచ్చును. కాని బాట వచ్చి నీరు రాకపోయిన, మన పిల్లలు ఆ బాటపై నడచుచు ఇది కట్టమాత్రమే, చెరువేదీ యని అడుగుదురు. ఒక తాలాబ్‌కట్ట చాలదా మన నగరమునకు?

సోదరీమణులారా! మీ యూరిలో చెరువున్నచో ఒకమారు పోయి దాని అలుగెచ్చటనో, తూమెచ్చటనో చూచిరండు. చెరువు లేనిచో పేటపేరులో చెరువున్నదేమో చూడుడు. అంతకుముందు మీ యింటి మురుగు ఎచ్చట పడుచున్నదో కనుగొనుడు. మేము ప్రతి సాయంకాలము ఆపా డాబాపై ఆమెతో నలుబది చుట్లు తిరుగుచున్నాము. అచ్చటినుండి రైలుకట్ట కనబడును. దాని యావల చెరువు కనబడదు గాని, అది అచ్చటనే యున్నదని యిప్పుడు మాకు తెలియును.